జమైకా జెండాలో గులాబీలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, చినుకు పడితే వరదని చెప్పడం నా జబ్బు. మొన్న ఆగస్టు పదిహేనుకి ఇక్కడ ఇంగ్లండులో, స్విండన్‌లో మన తెలుగువాళ్లం హాల్లో చేరినప్పుడు, తాడు లాగగానే జెండాలోంచి పూలరేకులు రాలాయి. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం చేతులు లేవలేదు.

పదేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక జమైకా ఆంటీ ఇంట్లో పైగది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ని. ఏటా ఆగస్టు ఆరున, తమ దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున, ఊళ్లోని జమైకావాళ్లంతా కమ్యూనిటీ హాలు పెరట్లో చేరేవారు. ఇనప పీపాల మీద కోళ్లు కాలుతుంటే ఆ పొగకి కార్డిఫ్‌లో జనం దగ్గేవారు, ఆటలో బల్లమీద డామినో బిళ్లలు కొట్టే దెబ్బలకి కేంబ్రిడ్జ్‌లో కిటికీలు అదిరేవి. జెండా ఎగరేసేది మాత్రం ఎప్పుడూ ఆంటీ భర్తే. నేను చెప్పబోయే ఏడాది మార్చిలో అంకుల్ పోయారు. అప్పటినుంచి ఆవిడ ఏడవలేదు; రోజూ అలవాటుగా రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి తాగి, రెండోది సింకులో పారబోసేవారు. ఆయన చోట తమవాళ్లెవరు నిలబడినా చూడలేనని, పైగదిలో ఉండే ఇండియా అబ్బాయైతే ఫర్వాలేదని అన్నారట. అలా ఆ ఏడు జెండా పని నాకొచ్చింది.

పూలు లేని జెండా వందనం చిన్నప్పటి బడినుంచీ నేనెరగను. అందుకని పొద్దున్నే ఇంటి పెరట్లో గులాబీలన్నీ, రెండు లారీలకు సరిపడా, కోసి, రేకులు తుంచి, ఆ నలుపూ ఆకుపచ్చా పసుపూ జెండాలో మూటగట్టి, మన పద్ధతిలో జారుముడి వేశాను. జాతీయగీతం మొదలవగానే లాగాను. ముడి ఊడలేదు. మళ్లీ లాగాను. మూట కొయ్య చివర అలాగే వేలాడింది, పాట ఆగిపోయింది. నీ లంచ్ గాని అందులో కట్టావా అబ్బాయ్ అని ఒక ముసలాయన అడిగితే ఎవరూ నవ్వలేదు.

ఆంటీ వచ్చి మూట దించమన్నారు. తన వేళ్లతోనే ముడి విప్పారు. రేకులన్నీ ఆవిడ బూట్ల మీద పడ్డాయి.

“ఇవి ఆయన వేసిన మొక్కవి కదూ?”

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

“చెట్టుకి ఒక్కటైనా ఉంచావా?”

లేదన్నాను. ఆవిడ జెండా దులిపి తాడుకి కట్టి, “సరే, ఇప్పుడు లాగు,” అన్నారు. జెండా ఎగిరింది. అప్పుడు ఏడ్చారు ఆంటీ, పెరడు చెరువైపోయి డామినో బిళ్లలు తేలేటంతగా.

ఇప్పుడా ఇల్లు ఎవరిదో, గులాబీ చెట్టున్న చోట కారు పెడుతున్నారు. మన హాల్లో రేకులు ప్యాకెట్లో వస్తాయి, ముడి చక్కగా ఊడుతుంది. పొగా, లారీలూ మీరెలాగూ తగ్గించుకునే చదివి ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆంటీ ఏడ్చారన్నది. ఆవిడ ఏడవలేదు. లోపలికెళ్లి రెండు ప్లేట్లలో ఉప్పుచేప పెట్టుకొచ్చి, రెండోది నా చేతికిచ్చారు. ఇద్దరం నిలబడే తిన్నాం. రుచి అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ గుర్తులేదు.