మూడో దెబ్బ

మా మోటార్ సైకిళ్ళ మేస్త్రి పోయారని ఆయన కూతురు ఆదివారం పొద్దున్న ఫోన్ చేసింది. "టీ తాగుతా తాగుతానే వాలిపోనారు మాస్టారూ. గుండె ఆగిపోనాదన్నారు" అంది. అనకాపల్లిలో పాత మోటార్ సైకిల్ ఉన్నవాళ్ళకు ఆయన గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం నేను కళ్ళారా చూసింది రాస్తున్నాను.

తుమ్మపాల బడిలో పనిచేసేటప్పుడు మా నాన్న వాడిన బండి మీదే వెళ్ళేవాణ్ణి. సైలెన్సర్ మార్పించాక అది రెండు మైళ్ళకే వేడెక్కి ఆగిపోయేది. మేస్త్రి ప్లగ్ విప్పి చూశారు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"గాలెక్కువైపోనాది మాస్టారూ, పెట్రోలు సాల్లేదు. ఇలాగే తోలితే పిస్టన్ పట్టేత్తాది. జెట్టు మార్సాలి."

జెట్టంటే కార్బొరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న ఇత్తడి ముక్క. ఒక సైజు బిగించి, రోడ్డు చివరిదాకా తోలి వచ్చి, ప్లగ్ చూసి, మళ్ళీ విప్పేవారు. ప్లగ్ కాఫీ రంగుకు వచ్చేదాకా వదిలేవారు కాదు. కోపం మాత్రం ఘోరం. శుభ్రం చెయ్యడానికి జెట్టులో ఎవరైనా తీగ గుచ్చారని తెలిస్తే చేతిలో స్పానర్ గోడకేసి కొట్టేవారు. "కన్నం పెద్దదైపోద్ది! నోటితో ఊదాలంతే!"

ఒక మధ్యాహ్నం అలాగే నా బండి కార్బొరేటర్ విప్పి పేపరు మీద పరిచారు. వెనక వీధిలో ఉండే ఒకామె నెత్తురోడుతున్న తలతో షాపులోకి పరుగెత్తుకొచ్చి ఆయన వెనక్కి చేరింది. వెంటనే ఆమె మొగుడు, చెరుకు కొట్టే కత్తితో వచ్చాడు.

"కత్తి కింద పడెయ్యిరా" అన్నారు మేస్త్రి లేచి.

వాడు కత్తెత్తి నరకబోయాడు. మేస్త్రి కుడిచెయ్యి అడ్డం పెట్టారు. రెండు వేళ్ళు తెగి, పేపరు మీద ఇత్తడి ముక్కల మధ్య పడ్డాయి. ఆయన ఎడమచేత్తో ఇనప రాడ్డు అందుకుని వాడి చెయ్యి విరగ్గొట్టారు. కత్తి జారిపోయింది. వాడు మోకాళ్ళ మీద పడ్డాక మళ్ళీ కొట్టారు. నేలకి వాలిపోయాక మళ్ళీ.

అంతసేపూ నేను స్టూలు మీంచి లేవలేదు. ఈ మాట ఇన్నాళ్ళూ మేస్త్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలుగోసారి రాడ్డు లేచినప్పుడు ఆమే ఆయన చెయ్యి పట్టుకుంది. "సాలు బాబూ, సచ్చిపోతాడు!"

వాడు చావలేదు. ఆమె కోర్టులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. వాడు జైలుకెళ్ళాడు. ఆమె ఎలమంచిలి వెళ్ళి టిఫిన్ బండి పెట్టుకుంది.

కట్లు విప్పాక మేస్త్రి మొదట పట్టింది నా బండే. ఎడమచేత్తో జెట్టు బిగించబోతే మూడుసార్లు జారిపోయింది. మామూలుగా అయితే స్పానర్ ఎగిరేది. ఆ రోజు ఊరుకున్నారు.

"మొదటి దెబ్బ ఆ పిల్ల కోసం కొట్టేను మాస్టారూ. రెండోది తెగిన నా ఏళ్ళ కోసం. మూడోది ఎందుకు కొట్టేనో నాకే తెలీదు. అదే బయమేత్తంది."

"నేనైతే లేవనే లేదు మేస్త్రీ" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. తిడతారనుకున్నాను. "అయితే ఇది పట్టుకోండి" అని జెట్టు నా వేళ్ళ మధ్య పెట్టారు. నేను పట్టుకున్నాను, ఆయన బిగించారు. ఆ తరవాత ఆయన స్పానర్ విసరడం నేను చూడలేదు.

సోమవారం సమాధుల తోటలో జనం బాగా వచ్చారు. ఆమె ఎలమంచిలి బస్సు దిగి తిన్నగా వచ్చింది. గేటు బయట మొగుడు నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు, ఒక చెయ్యి వంకర. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఎందుకొచ్చాడో నాకు తెలియదు.

ఆమె గుప్పెడు మట్టి వేసి, చెయ్యి దులుపుకోకుండానే గేటు వైపు నడిచింది. అతన్ని చూసింది. అడుగు ఆగలేదు, దారి మారలేదు. ఆమె దగ్గరికి వచ్చేసరికి అతనే గోడవారకు తప్పుకుని, తల దించుకుని, దారి ఇచ్చాడు.