నడుం బెల్టు మీద నాలుగు గీతలు

జర్మనీలో విల్లుతో వేటాడటం నిషేధం. ఈ సంగతి మా ఆయనకు విల్లు కొన్నాక తెలిసింది. తెలిశాక కూడా విల్లు అమ్మలేదు. కష్టపడి ఇక్కడి వేట పరీక్ష పాసయ్యాడు. తర్వాత హంగరీలో విల్లు వేటకు అనుమతి తెచ్చుకున్నాడు. ఆకులు రాలే కాలంలో ఏడాదికోసారి అక్కడికి వెళ్లొచ్చేవాడు. రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ ఒక్క బాణం కూడా వదలకుండా తిరిగొచ్చాడు.

"జింక దగ్గర్కే వచ్చింది. గని అది నా మొఖం జూసింది. ఇగ ఎట్ల కొడతా?" అన్నాడు.

నేను వేటకు వ్యతిరేకిని. ఆ వాదన మా ఇంట్లో ఏళ్ల తరబడి నడిచింది. "నువ్వు ప్లాస్టిక్ డబ్బాల కోడిని కొంటవు. దానికి నీ మొఖం జూసే మోకా అన్న ఇచ్చినవా, వకీలమ్మా?" అనేవాడు. ఆ ఒక్క వాదనకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. మిగతావన్నీ నేనే గెలిచాను. గెలిచిన వాటి గురించే ఇది రాస్తున్నాను.

వకీలమ్మ అన్న పేరు ఆయన ఊరికే పెట్టలేదు. ఒంగోల్లో మా నాన్న హేతువాద సభలు పెట్టేవాడు. ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలందరినీ డాబా మీద కూర్చోబెట్టి వాదించడం నేర్పేవాడు. ఎదుటివాడు పది మాటలు మాట్లాడితే అందులో అన్నిటికంటే బలహీనమైన మాటను పట్టుకోమనేవాడు. దాన్ని కూల్చేస్తే మిగతా తొమ్మిదీ వినేవాళ్లుండరు అనేవాడు. నేను ఆయన ముఖ్య శిష్యురాలిని. పెళ్లి కూడా దండలు మార్చుకుని, నలుగురి ఉపన్యాసాలు విని చేసుకున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ, పంతులు లేని ఆ పెళ్లిలో ముందు వరుసలో కూర్చుని, అర్థం కాకపోయినా ప్రతి ఉపన్యాసానికీ చప్పట్లు కొట్టింది.

కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలంలో మా ఆయన వీపు నొప్పి అన్నాడు. పక్కటెముకల కింద, వీపు మధ్యలో. "పాత బ్యాగు ఒత్తుతున్నది. పోయినసారి హంగరీల మొత్తం భుజాలమీద్నే మోసిన" అన్నాడు. హంగరీ సరిహద్దు అప్పుడు తెరిచే ఉంది. శరత్కాలం ప్రయాణానికి సెలవు కూడా దొరికింది. కొత్త బ్యాగు కొనాలి.

బ్యాగు కొనడం ఒక శాస్త్రమని నాకు అప్పుడే తెలిసింది. శాస్త్రమని తెలిశాక నేను ఊరుకుంటానా? వేటకు ఒప్పుకోని మనిషిని, వేట బ్యాగు ఎంపికకు మాత్రం అధ్యక్షురాలినయ్యాను. విల్లు వేటకు బ్యాగు గుడ్డ చప్పుడు చేయకూడదు. కొమ్మ రాసుకుంటే నైలాను గరగరమంటుంది, జింక అక్కణ్ణుంచే వెళ్లిపోతుంది. విల్లును నిలువుగా కట్టుకోవడానికి పట్టీలుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, బరువు భుజాల మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. దానికి నడుం బెల్టు వెడల్పుగా, మెత్తగా, కదలకుండా ఉండాలి.

ఎవరెవరో తగిలించుకున్న బ్యాగులు దుకాణంలో వేసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మూడు బ్యాగులు ఇంటికే తెప్పించాం. జాకెట్టు కొలతల టేపు తీసుకుని ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టాను. తల వంచితే మెడ దగ్గర పైకి తేలే ఎముక ఒకటుంటుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముకల పై అంచు దాకా కొలవాలి. ఆయన వీపు మీద నా వేలితో ఒక్కో పూసా లెక్కపెట్టుకుంటూ దిగాను.

"ఏందే, బ్యాగుకు గూడ విచారణేనా?"

"కదలకు. సాక్ష్యం చెదిరిపోతుంది."

"చక్కిలిగిలైతున్నది తల్లీ, నేరం ఒప్పుకుంట, ఇడిసిపెట్టు."

బరువు కోసం పది కిలోల సోనా మసూరి బియ్యం సంచి, మూడు నీళ్ల సీసాలు లోపల పెట్టాం. బ్యోబ్లింగెన్‌లో మా ఇంటి వెనక నుంచి అడవిలోకి ఎక్కే దారి ఒకటుంది. రోజుకో బ్యాగు వేసుకుని ఆ దారంతా ఎక్కి దిగాడు. నేను వెనకే నోటుపుస్తకంతో నడిచాను. మొదటిది గరగరమంది. రెండోదాని బెల్టు పొట్ట మీదకు జరిగింది. మూడోది బాగుంది. "వీపు నొప్పి?" అని అడిగాను. "ఉన్నది గని, కొంచెం తక్కువ" అన్నాడు. ఆ "ఉన్నది గని"ని నేను రాసుకోలేదు. "తక్కువ" అని రాసుకున్నాను.

ప్రతిసారీ సర్దుకునే పని లేకుండా, బెల్టు సరిగ్గా బిగిసిన చోట, పట్టీ మీద వెండి రంగు మార్కరుతో నేనే ఒక గీత గీశాను. అది మొదటి గీత.

సెప్టెంబరు మొదట్లో హంగరీ సరిహద్దు మూసేశారు. హంగరీ ప్రయాణం వసంతానికి వాయిదా పడింది. ఆయన అలవాటు తప్పకూడదని ప్రతి ఆదివారం అదే బియ్యంతో, అదే బ్యాగుతో అడవి దారి ఎక్కుతూనే ఉన్నాడు. కొన్ని వారాలకు బెల్టు వదులైంది. ఇంకా లోపలికి లాగి బిగించాం. నేను రెండో గీత గీశాను.

"కొర్రల మహిమ" అన్నాడు ఆయన. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని ఆ ఏడాది అన్నం మానేసి కొర్రలు మొదలుపెట్టాడు. అవి సర్వరోగాలనూ కడిగేస్తాయన్న ప్రచారం మీద నేను అప్పటికే ఒక వ్యాసం రాశాను. ఆవిరి పడితే వైరస్ చస్తుందన్న వాళ్లతో, కషాయం తాగితే దగ్గరికే రాదన్న వాళ్లతో వాట్సాప్‌లో పొద్దంతా పోట్లాడుతున్న రోజులవి. అలాంటిది నా ఇంట్లోనే, నా మొగుడి నడుం మీదే కొర్రలు గెలిచాయని ఒప్పుకోవాలా?

"నువ్వు తగ్గలేదు. బకిల్ జారుతోంది" అన్నాను.

నవంబరులో మూడో గీత పడింది. నేను బ్యాగు తయారుచేసిన కంపెనీకి జర్మన్‌లో ఘాటైన ఉత్తరం రాశాను. కొన్న సైటులో ఒకే ఒక్క నక్షత్రమిచ్చి, బకిల్ జారుతుందనీ, వీపు నొప్పి పుట్టిస్తుందనీ సమీక్ష పెట్టాను. వాళ్లు మర్యాదగా కొత్త బకిల్ పంపారు. దాన్ని నేను పరీక్షించాను. తలుపు మీది వ్యాయామం కడ్డీకి బ్యాగును ఆ బెల్టుతోనే వేలాడదీశాను, లోపల బియ్యంతో సహా. మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం టీ దాకా వేలాడింది. ఒక్క మిల్లీమీటరు కూడా జారలేదు.

ప్రయోగం నా ఊహ తప్పని తేల్చింది. అప్పుడు ఏం చేయాలో మా నాన్న డాబా మీద చెప్పాడు, నేను సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఊహను వదిలేయాలి. నేను ఇంకో ఊహ తెచ్చుకున్నాను. "అయితే బెల్టులో స్పాంజి అణిగిపోయి ఉంటుంది" అన్నాను.

"గంతే అయుంటది" అన్నాడు ఆయన. కొర్రల మాటెత్తలేదు. అప్పటికి ఆయన నాతో వాదించడం మానేశాడు. దాన్ని నేను గెలుపనుకున్నాను.

డిసెంబరులో ఒకరోజు అత్తమ్మ వీడియో కాల్ చేసింది. మా ఆడబిడ్డ ఫోను పట్టుకుంటే, ఆమె తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి కొడుకును చూసింది.

"గదేంది బిడ్డా, గట్ల చిక్కిపోయిండు? మొఖమంత గుంజుకపోయింది. దిష్టి తాకింది వానికి. గిన్ని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల ఎయ్యవే."

ఆమె నాలుగు మాటలు మాట్లాడింది. చిక్కాడంది. ముఖం గుంజుకుపోయిందంది. దిష్టి అంది. ఉప్పు తిప్పమంది. నేను నాలుగో మాటను పట్టుకున్నాను.

"మా ఇంట్లో పొయ్యి లేదు అత్తమ్మా, కరెంటు స్టవ్వు. అయినా ఉప్పు తిప్పితే మనుషులు లావెక్కుతారా? మరి ఈ జర్మన్లందరికీ ఎవరు తిప్పుతున్నారు?"

అటు మా ఆడబిడ్డ పకపకా నవ్వింది. ఇటు ఆయనా నవ్వి, నవ్వుతూ పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మ మీద గూడ గెలిచినవా వకీలమ్మా" అన్నాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "నీతోని నేనేడ గెలుస్త బిడ్డా" అని, తెర మీద కొడుకును ఇంకాసేపు చూసి, ఫోను ఇచ్చేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను అననేలేదని కాదు. అన్నాను. నొప్పికి ఎముకల డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఆరు వారాల తర్వాత దొరికింది. "బ్యాగు నొప్పికి కరోనా గదిల కూసునుడెందుకు" అని ఆయన దాన్ని రద్దు చేశాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. నొప్పి బ్యాగుదేనని నా నోటుపుస్తకంలో కూడా రాసి ఉంది కదా.

జనవరిలో నాలుగో గీత. ఆ ఆదివారం మంచు బాగా పడింది. సగం దారిలో ఆయన నరికిన చెట్టు మొద్దు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడ ఆగలేదు. బ్యాగు తీసి పక్కన పెడదామని నేను ముందుకు వంగాను. చుట్టూ అంత తెల్లటి మంచులో ఆయన కళ్లలో తెలుపు తెలుపుగా లేదు. పసుపు.

"ఏమైందే, గట్ల జూస్తున్నవు?"

"లే, ఆసుపత్రికి వెళ్దాం" అన్నాను.

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. స్కానింగులో క్లోమంలో గడ్డ కనిపించింది, కాలేయానికి పాకింది. అక్కడి యువ డాక్టరు, మాస్కు మీద ఇంకో మాస్కు వేసుకున్న అమ్మాయి, నొప్పి ఎప్పటినుంచి అని అడిగింది. ఆయన చెప్పాడు. బరువు తగ్గడం ఎప్పటినుంచి అని అడిగింది. ఆయన నావైపు చూశాడు. నా దగ్గర కచ్చితమైన జవాబుంది. ఆగస్టు చివర, అక్టోబరు, నవంబరు, జనవరి. గీతల మధ్య దూరం ఎన్ని సెంటీమీటర్లో కూడా చెప్పగలిగాను. ఆ అమ్మాయి రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, నన్ను చూసి, మళ్లీ తల వంచుకుంది.

తర్వాత కరోనా నియమమని నన్ను లోపలికి రానివ్వలేదు. నియమం న్యాయమైనదే. అలాంటి నియమాలుండాలని రాసినదాన్ని నేనే. ఫోనులో మాట్లాడుకున్నాం. "ఈ మంచం గూడ వీపుకు మంచిగ లేదు. దీనిమీదొక ఉత్తరం రాయి, ఒక్క నక్షత్రమియ్యి" అన్నాడు. నేను నవ్వాను, ఆయన నవ్వించాలనుకున్నాడు కాబట్టి. చివరి వారం రోజుకు ఒక మనిషిని, ఒక గంట రానిచ్చారు. ఏమీ వాదించుకోలేదు. వీపు కింద దిండు ఎటు పెట్టాలో మాత్రం మాట్లాడుకున్నాం. ఎటు పెట్టినా నొప్పిగానే ఉంది.

ఏప్రిల్‌లో, హంగరీ వెళ్లాల్సిన నెలలో, పోయాడు.

అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. నేనూ, ఆయన స్నేహితులు ముగ్గురూ, వెళ్లింది నలుగురమే. మంత్రాలు లేవు, అది ఆయన కోరికే. అత్తమ్మ కరీంనగర్ నుంచి ఫోను తెరలో చూసింది.

ఆమెకు నేనుగా ఫోను చేయడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకున్నాను, సభకు రాసుకున్నట్టు. ఆమె గొంతు వినగానే కాగితం పక్కన పెట్టేశాను.

"అత్తమ్మా, మీరు చూసిందే నిజం. చిక్కాడన్నారు. నేను వినలేదు."

ఆమె అటు ఫ్యాను ఆపమని మా ఆడబిడ్డకు చెప్పింది.

"నేను గూడ తప్పే జేసిన బిడ్డా" అంది. "దిష్టి అనకుండ ఉండేదుండె. దవాఖాన్ల జూపియ్యమని అంటే నువ్వు ఇనేదానివి. గని నాకనిపించింది, దవాఖాన సంగతి సదువుకున్న పిల్లకు నేను జెప్పుడేంది, గది దానికి తెల్వదా అని. నాకు తెల్సిన మాట నేనన్న."

ఆ మాటలో పట్టుకోవడానికి బలహీనమైనదేదీ లేదు. వెతికాను కూడా. అంతకాలపు అలవాటు ఎక్కడికి పోతుంది? ఫోను పెట్టేశాక ఇంటి కింది సామాన్ల గది, కెల్లర్‌లోకి దిగి బ్యాగు పైకి తెచ్చాను. పది కిలోల బియ్యం, మూడు నీళ్ల సీసాలు పెట్టి భుజాలకు తగిలించుకున్నాను. నాలుగో గీత దాకా బిగిద్దామంటే బెల్టు నాకు చాల్లేదు. నా నడుం కంటే ఆయన నడుం చిన్నదైపోయి ఉంది, నేను దాన్ని స్పాంజి అన్నాను. మూడో గీతకు వదిలితే సరిపోయింది.

అడవి దారి మొత్తం ఎక్కాను. మొద్దు దగ్గర ఆగలేదు. ఇంటికొచ్చి, బ్యాగు దించకుండానే, ఆ సైటు తెరిచి నా సమీక్ష వెతికాను. ఒక్క నక్షత్రం అలాగే ఉంది. చెరిపేయవచ్చు. కానీ తప్పు రాసినవాళ్లు దాన్ని చెరపకూడదు, దిద్దాలి. కింద జర్మన్‌లో ఇలా చేర్చాను:

"దిద్దుబాటు. బకిల్ జారదు. బెల్టు అణగదు. బరువు తుంటి మీద కూర్చుంటుంది, వీపుకు హాయిగా ఉంటుంది. నొప్పి ఈ బ్యాగుది కాదు."