పొదిలిలో చూసిన బండి

మా ఇల్లు ఊళ్ళో లేదు, చేలో ఉంది. తారురోడ్డు దిగాక నల్లరేగడి డొంక మీదుగా రావాలి. ఎండాకాలంలో అది దారే. ఒక్క వాన పడితే మాత్రం చెప్పులు తన దగ్గర ఉంచుకుని మనిషిని పంపేస్తుంది. మిరపా పత్తీ పండించి ఇచ్చే మట్టి మీద రైతుకి కోపం రాకూడదంటారు. నాకు వస్తుంది.

నా భార్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పట్నం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. పోయిన వానాకాలం ఒక వంతు తప్పింది. ఆటో డొంకలో ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టరు తెచ్చి లాగించేసరికి పొద్దుగుంకింది. మర్నాటికి ఆవిడ ఒళ్ళంతా నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చునే ఉంది. అప్పుడు పడ్డ భయం నాకింకా దిగలేదు. ఇంకోసారి అలా అయితే ఆవిడ నాకు దక్కదని ఏ డాక్టరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఊళ్ళో అద్దెకి ఉందాం అన్నాను. "చేను కనపడకపోతే నాకు అన్నం సయించదు. నేను రాను" అంది. ఇక నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి ఒకటి కొనక తప్పలేదు. పెద్దదైతే మా డొంకలో ముళ్ళకంప గీరుకుంటుంది కాబట్టి పొట్టిది కావాలి. కొత్తదానికి తూగలేం కాబట్టి పాతదే చూడాలి.

మొదట వేటపాలెంలో ఒకటి చూశాను. పైన అద్దంలా మెరుస్తోంది. కిందికి దూరి చూస్తే సముద్రపు గాలికి తుప్పు పట్టి ఇనుము పొరలు పొరలుగా చేతికొచ్చింది. మిరపకాయలు కొనేవాడు బస్తాలో పైకాయ చూడడు, మధ్యలోకి చెయ్యి దోపి లాగి చూస్తాడు. నేనూ అంతే. ఆ బండాయన నన్ను తిట్టుకుంటూనే, ఆ ఊళ్ళో పేరున్న జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. జీడిపప్పు బావుంది.

తర్వాత పొదిలిలో ఒక బండి చూడ్డానికి మా ఆవిడా వచ్చింది. "ఎక్కేది నేనైతే చూసేది మీరొక్కరేనా?" అంది. బండి గల పెద్దాయన పొగాకు రైతు. బండి రేకుల షెడ్డు కింద ఉంది. కడగలేదు, పాలిష్ చెయ్యలేదు. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. మనం వచ్చే ముందే వేడెక్కించి లోపం దాచే తెలివితేటలు ఆయనకి లేవన్నమాట. తాళం ఒక్కసారి తిప్పగానే స్టార్టయింది, పొగ లేదు. కింద దూరాను, తుప్పు లేదు. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. చివరికి వాన పడి ఆరని పొలం దారిలోకి దింపాను. వెనక చక్రాలు జారి ఊరికే తిరగడం మొదలెట్టాయి. ఫోర్ వీల్ మీట వెయ్యగానే ముందు చక్రాలు పట్టు అందుకుని, బండిని బురదలోంచి నెమ్మదిగా, ఏ ఉలుకూ లేకుండా బయటికి తెచ్చాయి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని తుడుచుకున్నాను.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్నే. మా వైపు ఎద్దుని కొంటే సుడులు చూస్తాం. బండికి సుడులుండవు కాబట్టి అమ్మేవాణ్ణి అడుగుతాం.

"ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నారండీ?"

ఆయన నా వైపు చూడలేదు. నా భార్య మోచేతి దగ్గర, సూదులు పొడిచి పొడిచి ఉబ్బిన నరం వైపు చూశాడు.

"మా ఆవిడ కోసం కొన్నానండి. ఆమెకీ ఇదే జబ్బు. మొన్న శివరాత్రి ముందు పోయింది. చెప్పకుండా అమ్మడం నాకిష్టం లేదు. ఈ మాట వినగానే అందరూ మళ్ళీ వస్తామని వెళ్ళిపోతున్నారు."

పాత వస్తువు ఏది కొన్నా, ముందువాళ్ళకి అచ్చొచ్చిందా లేదా అని చూసే ఇంట్లో పుట్టాను. ఇంజను సంగతి ఇంజనుది, ఇది వేరు. "ఇంట్లో ఆలోచించుకుని ఫోన్ చేస్తామండి" అన్నాను. ఇంట్లో నేను ఆలోచన అడగాల్సిన మనిషి నా పక్కనే నిలబడి ఉంది.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. "వానల్లో ఎప్పుడైనా దిగబడిందా, బాబాయిగారూ?" అని అడిగింది.

"లేదమ్మా. మాదీ రేగడి డొంకే. తుపాను రోజు కూడా తీసుకెళ్ళా. ఒక్క వంతు తప్పలేదు. ఆఖరికి ఇంట్లోనే, నిద్రలో గుండె ఆగిపోయింది. బండి చేయాల్సింది బండి చేసింది."

నేను ఆవిడ చెవి దగ్గరికి వంగి, "వాళ్ళకి అచ్చిరాలేదే" అన్నాను.

"ఒక్కసారి కూడా ఆమెని బురదలో వదిలెయ్యలేదంటున్నారు. ఇంకెలా అచ్చిరావాలండీ?"

గట్టిగానే అంది. పెద్దాయన విన్నాడు. నాకు సిగ్గేసింది.

ఆవిడ వెళ్ళి ముందు ఎడమ సీట్లో కూర్చుంది. తలుపు పైన పట్టుకునే పిడికి మెత్తటి చీరాల నేత చీర పేలిక చుట్టి ఉంది, చెయ్యి ఒరుసుకోకుండా. "తీసేద్దామనే అనుకున్నానమ్మా, చెయ్యి రాలేదు" అంటూ పెద్దాయన ముడి విప్పబోయాడు.

"ఉండనివ్వండి. నాకూ కావాలి" అంది ఆవిడ.

ఈ వానాకాలం బండి ఎక్కడా దిగబడలేదు. నా భయం పూర్తిగా పోయిందని చెప్పను. డొంకలో బండి ఊగినప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆ పేలిక మీదికి వెళ్తుంది, నేను దారి మీంచి చూపు తిప్పను. డయాలసిస్ ఉన్న రోజు మబ్బు పడితే సాయంత్రం పొదిలి నుంచి ఫోన్ వస్తుంది. పెద్దాయన బండి ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.

"అమ్మాయి వెళ్ళొచ్చిందా?" అంటాడు. వచ్చిందండీ అంటాను. అంతే, ఫోన్ పెట్టేస్తాడు.