అడగకుండా చాచే చెయ్యి

మా అక్కని ఆసుపత్రిలో అందరూ ‘ఎడమ సిస్టర్’ అంటారు. నిజానికి ఆమెది కుడిచేతి వాటమే. ఎడమచేతి వాటం డాక్టరుగారిది. ఆపరేషన్ థియేటర్లో ఆయనకు ఎదురుగా నిలబడి కత్తులూ కత్తెరలూ అందించే నర్సు మా అక్క. పెళ్ళయ్యాక ఆడదానికి మొగుడి ఇంటిపేరు వచ్చినట్టు, పెళ్ళే కాని మా అక్కకు ఆయన చేతివాటం పేరుగా వచ్చింది. దీనికి నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను బట్టలు కుడతాను. మా ఇంట్లో ముందుగదిలో నా మిషను, వెనకగదిలో అమ్మ, మధ్యలో వంటిల్లు. అక్క డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మిషను పక్కన ముక్కాలిపీట మీద కూలబడి ఆ రోజు ఆపరేషన్ల కబుర్లు చెప్పేది. రోగుల పేర్లు మాత్రం చచ్చినా చెప్పదు. ఎక్కడ ఏం పాడైంది, దానికి ఏం చేశారు, అంతే. నాకు అర్థం కావాలని నా పని భాషలోనే చెప్పేది.

“కొన్ని తీసేసే ఆపరేషన్లే. రాళ్ళు పట్టిన గాల్ బ్లాడరు, చీము పట్టిన అపెండిక్సు. అవి లేకపోయినా మనిషి హాయిగా బతుకుతాడు. కొన్ని అతుకులు. హెర్నియా అంటే ఏంటనుకున్నావు? పొట్టగోడ ఒకచోట పలచబడి, అందులోంచి పేగు బయటికి తోసుకొస్తుంది. దాన్ని లోపలికి నెట్టి, ఆ చోట వల లాంటి గుడ్డ వేసి కుట్టేస్తారు. నువ్వు మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకి వేస్తావే, అలాగ.”

“మరి కంటి ఆపరేషను?”

“అది మార్పిడి. మసకబారిన కటకం తీసి కొత్తది పెడతారు. అరిగిపోయిన తుంటి కీలు తీసి లోహంది పెట్టడం కూడా అంతే. వాటికి వేరే డాక్టర్లొస్తారు, మావారు చెయ్యరు.”

‘మావారు’ అన్నందుకు నేను కిసుక్కున నవ్వితే నా నెత్తిమీద మొట్టేది. వెనకగదిలోంచి అమ్మ, “తినే వేళకి ఆ పేగుల గోలేంటే, నోట్లో ముద్ద దిగొద్దూ!” అని కేకలేసేది. అక్క ఆగేది కాదు. కొన్నిటిలో జబ్బు నయం చెయ్యరట, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి జబ్బేమిటో తెలుసుకుంటారట, అంతే. కొన్ని దారి మళ్ళించేవి. పేగుకి కింద అడ్డం పడితే, పైభాగాన్ని పొట్టమీదికి తెచ్చి అక్కడ తలుపు పెడతారు. కడుపులో బిడ్డ ఇరుక్కుంటే సిజేరియన్. ఇవన్నీ చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోయేది. ఆ వెలుగంటే నాకు ఇష్టం, ఆ థియేటరంటే మంట.

ఎందుకు మంటంటే, ఆ డాక్టరుగారు ఆపరేషన్ చేస్తున్నంతసేపూ నోరు విప్పరు. ఎడమ అరచెయ్యి చాస్తారు. కత్తికీ అదే చెయ్యి, కత్తెరకీ అదే చెయ్యి, సూదికీ అదే చెయ్యి. సైగ కూడా ఉండదు. కోసిన చోటు చూసి, ఇప్పుడు ఏం కావాలో అందించేవాళ్ళే తెలుసుకోవాలి. పైగా అన్నీ తిరగేసి పెట్టాలి. సూది మొన అందరికీ ఒకవైపు ఉంటే ఆయనకు రెండోవైపు ఉండాలి. తప్పు వస్తువు చేతిలో పడితే దాన్ని ఇనప పళ్ళెంలోకి విసిరేస్తారు. తిట్టరు. ఆ ఠంగుమనే చప్పుడుకే ముగ్గురు నర్సులు వేరే వార్డులకు పారిపోయారు. పక్క ఊళ్ళ డాక్టర్లు ఈ మాటల్లేని ఆపరేషన్ చూడ్డానికి వచ్చి, గోడవార నిలబడి నోళ్ళు వెళ్ళబెట్టుకుని వెళ్తారు. మెచ్చుకోళ్ళు ఆయనకి. నిలువుకాళ్ళ కొలువు మా అక్కకి.

చెడ్డమనిషా అంటే కాదు. అదే అసలు చిక్కు. మా అమ్మకు పేగు మెలిక పడి కడుపు కుండలా ఉబ్బినప్పుడు, రెండు ఆసుపత్రులు తీసుకుపొమ్మంటే, ఆయన అప్పటికప్పుడు కోసి బతికించారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదు. అక్క సెలవు పెడతానంటే అడ్డం పడేది ఆయన కాదు, అమ్మే. “ఆయన చేతి చలవ వల్ల నేను కూర్చుని తింటున్నాను, ఆయన్ని వదిలి నువ్వు పెళ్ళిపందిట్లో కూర్చుంటావా?” అనేది. పిన్నికూతురి పెళ్ళికి అక్క జడ అల్లుకుని, చీర కట్టుకుని గడప దాటుతుండగా ఫోను వచ్చింది. ఆ చీరతోనే థియేటర్‌కి వెళ్ళింది. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామని వాళ్ళే పిలిచినప్పుడు కూడా అంతే. ఆయన కోప్పడలేదు. నవ్వి, “వెళ్ళమ్మా, నేనెందుకు కాదంటాను? కాకపోతే నువ్వు లేకపోతే ఈ రోగులు ఏమైపోతారో చెప్పు” అన్నారట. అది ఇంటికొచ్చి ఆ మాట ఎంత గర్వంగా చెప్పిందో! నాకు మాత్రం ఎవరో బయట గొళ్ళెం పెట్టినట్టనిపించింది.

తర్వాత దాని కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునేది. పొద్దున గ్లాసు పట్టుకుంటే జారేది. నా దగ్గర గుండీ కుట్టబోయి సూది ఎక్కడుందో తెలియక వదిలేసింది.

“ఇదేంటో నీకు తెలుసు కదా?” అని నిలదీశాను.

“తెలియకేం. మణికట్టు దగ్గర అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది. దాని కిందనుంచి వేళ్ళకు నరం పోతుంది. పట్టీ బిగుసుకుని నరాన్ని నొక్కేస్తోంది. ఆ పట్టీ కోసేస్తే వదులవుతుంది. చాలా చిన్న ఆపరేషను.”

“మరి చేయించుకోవేం?”

“చేయించుకుంటే కొన్ని వారాలు ఈ చేత్తో పని చెయ్యకూడదు. ఆయనకి ఎవరందిస్తారే?”

“చేయించుకోకపోతే?”

అక్క తన బొటనవేలి మొదట్లో కండను నొక్కి చూపించింది. రెండోచేతిలో ఉబ్బెత్తుగా ఉన్నచోట, ఇక్కడ చిన్న గుంట. “ఇది కరిగిపోతుంది. ఆ తర్వాత కోసినా తిరిగిరాదు” అంది, ఎవరి చేతి గురించో చెప్తున్నట్టు.

అమ్మకు చెప్పాను. అమ్మ, “ఆయన్నే అడగమను” అంది. అక్క అడగలేదు. డాక్టరుగారికి కేసులు ఎక్కువగా ఉన్నాయంది, ఈ నెల పోనీ అంది, అసిస్టెంటు డాక్టరు సెలవులో ఉన్నాడంది. అడగకుండా అందించడం అలవాటైన మనిషికి అడగడం చేతకాలేదు.

దాన్ని అడిగించింది ఒక గుడ్డముక్క. పొట్ట తెరిచే ముందు, రక్తం అద్దే గుడ్డలను లెక్కపెడతారు. అక్క ఒక్కొక్కటీ వేళ్ళతో విడదీసి పైకి అంటుంది, ఇంకో నర్సు బోర్డుమీద రాస్తుంది. కుట్టేసే ముందు మళ్ళీ లెక్క. రెండూ సరిపోతేనే మూస్తారు. ఆ రోజు చివర్లో ఒక గుడ్డ ఎక్కువ వచ్చింది. థియేటర్లో అందరూ నవ్వేశారట, తక్కువ రాలేదు కదా, గండం గడిచింది అనుకుని. ఆయన కూడా తలూపి కుట్టేశారు. అక్క మాత్రం ఇంటికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్ళు కూడా కడుక్కోలేదు.

“ఎక్కువొస్తే నష్టమేంటక్కా?” అన్నాను.

“రెండు గుడ్డలు అంటుకుని ఉన్నాయే. నా వేళ్ళకి తెలియలేదు. రెంటినీ ఒకటిగా లెక్కపెట్టాను. రెండూ బయటికొచ్చాయి కాబట్టి ఇవాళ బయటపడింది. ఆ రెండిట్లో ఒకటి లోపల ఉండిపోయి ఉంటే?” అని నా మొహంలోకి చూసింది. “లెక్క సరిగ్గా సరిపోయేది. మనిషి కడుపులో గుడ్డ పెట్టి కుట్టేసి, అంతా బాగుందని చేతులు కడుక్కునేవాళ్ళం.”

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆయనతో చెప్పింది. ఆయన మొహం పాలిపోయిందట. ఆ మాటకొస్తే ఆయనకూ మనసుంది. “ఆదివారం నేనే చేస్తాను. నిన్ను వేరేవాళ్ళ చేతిలో పెడతానా?” అన్నారట. వెంటనే, “ఈలోగా కొత్తమ్మాయికి నేర్పెయ్” అన్నారట. అప్పుడే చదువు పూర్తి చేసుకుని వచ్చిన పిల్ల అది. ఆయన చాచిన చెయ్యి చూస్తేనే దానికి చెమటలు. ఏళ్ళ తరబడి చూసి చూసి పట్టుకున్నది రెండ్రోజుల్లో ఎలా నేర్పుతుంది? అయినా అక్క కూర్చోబెట్టి చెప్పింది, ఆ పిల్ల తలూపింది, ఇద్దరికీ తెలుసు రాలేదని.

అక్క ఒకే ఒక్కటి కోరింది, నేను పక్కన ఉండాలని. మణికట్టు దగ్గర మత్తుసూది చాలు కాబట్టి మనిషికి తెలివి ఉంటుంది, మాట్లాడుతుంది. నాకు ఆకుపచ్చ గౌను, టోపీ, ముసుగు తొడిగి తలదగ్గర స్టూలు వేశారు. అక్క వెల్లకిలా పడుకుంది. కుడిచెయ్యి పక్కన చిన్న బల్ల మీద చాచి ఉంది. మధ్యలో తెర కట్టారు. అక్కకి ఆ చెయ్యి కనిపించదు, నాకు కనిపిస్తుంది. ఏళ్ళుగా నేను విన్న గది ఇంత చిన్నదా అనుకున్నాను. కిటికీ లేదు. గడియారం కూడా అక్క వెనకవైపు గోడకుంది.

డాక్టరుగారు కూర్చుని ఎడమచెయ్యి చాచారు. కొత్తపిల్ల కత్తెర పెట్టింది. పళ్ళెంలో ఠంగుమంది. మళ్ళీ అదే చెయ్యి. పిల్ల బిక్కచచ్చిపోయి నిలబడింది.

“కత్తి ఇవ్వమ్మా. పిడి ఆయన వైపు” అంది తెర వెనకనుంచి మా అక్క.

ఆ పిల్ల ఇచ్చింది. ఆయన కోశారు. మళ్ళీ చెయ్యి. “రక్తం అద్దడానికి గుడ్డ” అంది అక్క, కళ్ళు పైకప్పుకేసి పెట్టి, ఆయన ఊపిరి వింటూ. మళ్ళీ చెయ్యి. “చర్మం పక్కకి లాగి పట్టుకునేది. ఆ చిన్నది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని చెయ్యి కోస్తున్నారు, అది ఇంకా డ్యూటీలోనే ఉంది. వంగి దాని చెవిలో, “అక్కా, ఇవాళ నువ్వు రోగివే” అన్నాను.

అక్క నావైపు చూసింది. అంతలో ఆయన చెయ్యి మళ్ళీ లేచింది. అక్క నోరు తెరిచింది. మూసేసింది.

ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంది. కొత్తపిల్ల బల్లమీది సామానంతా చూస్తోంది, దేన్నీ ముట్టుకోవడం లేదు. “సిస్టర్” అన్నారాయన. అది ఆ పిల్లని కాదు. అక్క కళ్ళు మూసుకుంది. దాని ఎడమచెయ్యి నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో, నా గాజు గుచ్చుకుంది.

“చిన్న కత్తెర” అన్నారు డాక్టరుగారు.

పిల్ల చటుక్కున తీసి చేతిలో పెట్టింది. సరైనదే. తర్వాత, “ఇంకో గుడ్డ” అన్నారు. ఇచ్చింది. “సూది. మొన అటు తిప్పి పట్టించు” అన్నారు. తిప్పి పట్టించింది. ఒక్కటి కూడా పళ్ళెంలో పడలేదు. అడిగితే ఇచ్చేసింది, అంతే.

నేను అక్క నవ్వుతుందనుకున్నాను. చూస్తే కంటి కొసలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. “నొప్పిగా ఉందా అమ్మా?” అన్నారాయన. “లేదండీ” అంది.

పక్కగదిలో మంచంమీద పడుకోబెట్టాక అడిగాను, ఎందుకేడ్చావని.

“ఆ పిల్ల వచ్చి వారం కాలేదే. అడిగితే ఇచ్చింది.” కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ, “నేను లేకపోతే మనుషులు చచ్చిపోతారనుకున్నాను. నిజంగానే అనుకున్నానే. అందుకే ఎక్కడికీ కదల్లేదు. ఆయన నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే సరిపోయేదా? ఇన్నేళ్ళకీ అంతేనా?” అంది.

ఆయన్ని తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి. అవి పక్కన పెట్టి, దుప్పటి సర్ది కూర్చున్నాను.

డాక్టరుగారు వచ్చారు. కట్టు చూశారు, వేళ్ళు కదపమన్నారు, రంగు చూశారు. అమ్మ ఎలా ఉందని అడిగారు. అన్నీ ఎప్పటిలా మర్యాదగానే. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “పెద్ద కేసులు రెండు వాయిదా వేశాను. ఎప్పటికి రాగలవమ్మా?” అన్నారు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు మా అక్క జవాబు ఒక్కటే. మీరెప్పుడంటే అప్పుడేనండీ. నేను పళ్ళు బిగబట్టుకుని ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను.

“వాయిదా ఎందుకండీ, ఆ అమ్మాయి ఉందిగా” అంది అక్క. “అడగండి. అడిగితే ఇస్తుంది.”