చుక్కాని పెడళ్లతో కృష్ణ ఒడ్డుకు

"ఇద్దరు కూసోవచ్చా అన్నా?" అని మంగ్లి అడగడంతో ఈ ప్రయాణం మొదలైంది.

ఆమె చూస్తున్నది నా ఫోన్‌లో ఉన్న కయాక్ ఫోటో. మూతపడిన ఒక రిసార్టు వాళ్లు సామాన్లు అమ్ముతుంటే కొన్న రెండు సీట్ల ప్లాస్టిక్ పడవ అది. పత్రిక ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పొద్దున్నే సూర్యాపేట చెరువులో కాసేపు తెడ్డు వేయడం నాకు అలవాటైంది. మంగ్లి భర్త లచ్చిరాం ట్రాక్టర్ డ్రైవర్. కృష్ణ వెనకజలాలు వచ్చి వాళ్ల తండా ఖాళీ అవుతున్నప్పుడు వార్త రాయడానికి వెళ్లాను. ఇళ్ల దర్వాజాలు పీకి ట్రాక్టర్ మీద తరలిస్తున్న అతనితో పరిచయం ఆ రోజుదే. ఇప్పుడు వాళ్లు దామరచర్ల దగ్గర ఒక కాలనీలో ఉంటున్నారు.

ఆ నీళ్ల కింద, వాళ్ల పాత చేను గట్టున, ఐదేళ్ల కూతురి సమాధి ఉంది. చేలో నుంచి ఇంటికి వస్తుంటే ట్రాక్టర్ బోల్తా పడి ఆ పిల్ల పోయింది. నడుపుతున్నది లచ్చిరామే. ఊరు మునగకముందు మంగ్లి ఏటా అక్కడికి వెళ్లేది. మునిగాక వెళ్లలేదు. చేపలవాళ్ల పుట్టిలో వెళ్లొచ్చు కదా అన్నాను.

"మేమిద్దరమే పోవాలె అన్నా. మూడో మనిషి ఉంటే నాకు నోరు రాదు."

నా పడవకు చుక్కాని ఉంది గానీ, దాన్ని కాళ్లతో తిప్పే పెడళ్లు ఎప్పుడో విరిగిపోయాయి. చెరువులో వాటి అవసరం రాలేదు. నది వేరు. పోయిన నెల పడవను వాళ్ల ఊరికి చేర్చి, ముందుగా నేనూ లచ్చిరామూ నీళ్లలోకి వెళ్లి చూశాం. పక్కగాలికి పడవ ముక్కు తిరిగిపోతూనే ఉంది. సగం దూరం నుంచే వెనక్కి వచ్చేశాం. ఒడ్డున నిలబడ్డ మంగ్లి తెచ్చిన కొబ్బరికాయను మళ్లీ సంచిలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. పడవను అక్కడే వదిలి, పెడళ్లు చేయించుకుని వస్తానని చెప్పాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. చేతిలో పాత పేపర్లు చుట్టిన, కిటికీ చట్రాలకు వాడే రెండు అల్యూమినియం చానళ్లు. సంచిలో సైకిల్ బ్రేకు తీగలు, కూరగాయలు తరిగే మందపాటి ప్లాస్టిక్ పలక, రెండు తలుపు బందులు, మూడు ముళ్లు వేసిన ఒక తాడు. ఆ తాడు లచ్చిరాం కాలి కొలత. నడుం దగ్గర ఒక ముడి, మోకాలి దగ్గర ఒకటి, అరికాలి దగ్గర ఒకటి. మంగ్లి కొలిచి ఇచ్చింది.

"ఏంది సార్ అవి, కర్టెన్ రాడ్లా?" అన్నాడు కండక్టర్.

"పడవకు పెడళ్లు చేయిద్దామని."

"సూర్యాపేటకు సముద్రం ఎప్పుడొచ్చె సార్? మాకు చెప్పనేలేదు!"

పక్క సీట్లో ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "ఎవల్ని ఎక్కిస్తవ్ కొడుకా దాంట్ల?" అని అడిగింది.

"ఒక ఆలుమగల్ని."

"గట్లయితే జర గట్టిగ చెయ్యి. నడిమిట్ల కొట్లాడుకుంటరు."

ఆమె మునగాలలో దిగిపోయింది. హైవేకు రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. బురదమడుల్లో ట్రాక్టర్లు ఉన్నచోటనే గిర్రున తిరుగుతున్నాయి. ఎనిమిదిన్నరకల్లా కోదాడలో ఉన్నాను.

అక్కడ అల్యూమినియం కిటికీలు చేసే సత్యం దుకాణం నాకు ముందే తెలుసు. బొమ్మ గీసి చూపించాను. కయాక్ నడిపేవాడి కాళ్లకు రెండు పనులుంటాయి. మడమలు కదలని చోట ఆనాలి, లేకపోతే తెడ్డు వేసిన బలం పడవకు అందదు. మునివేళ్లు చుక్కానిని తిప్పాలి. అందుకని కింద బిగించిన మెట్టు, దానిపైన బందు మీద ఊగే పలక. కుడి పలక నొక్కితే కుడి తీగ చుక్కానిని కుడికి లాగుతుంది, ఎడమ పలక వెనక్కి వస్తుంది.

"మరి రెండూ ఒకేసారి తొక్కితే ఏమవుద్దండీ?" అన్నాడు సత్యం.

"ఏమీ కాదు. చుక్కాని కదలకుండా ఆగిపోతుంది."

"అంటే బ్రేకు లేదన్నమాట."

"నీళ్లలో బ్రేకు ఉండదు."

"అమ్మో, మా ఆవిడైతే చచ్చినా ఎక్కదండీ!"

తరిగే పలకను కోసి రెండు పెడళ్లు చేశాం. తడికాళ్లు జారకుండా వాటిపై పాత సైకిల్ టైరు ముక్కలు బిగించాం. చానళ్లకు వరుసగా రంధ్రాలు వేశాం, కాలి పొడవును బట్టి మెట్టును ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. మంగ్లి తాడు ఆనించి చూస్తే లచ్చిరాం కాలు నా కాలి కంటే జానెడు పొడుగు. ఇలాంటివి చేసుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముందు ఆ మెట్టు సంగతి చూసుకోండి. తిప్పడం తరువాత. తుప్పు పట్టని బోల్టులే వాడండి.

ఒంటిగంటకు పని ముగిసింది. బస్టాండ్ పక్కన పప్పు, గోంగూరతో భోజనం చేసి మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటాక కునుకు పట్టింది. వడ్లు ఉడుకుతున్న వాసనకు మెలకువ వచ్చింది. కిటికీలో రైస్‌మిల్లుల గొట్టాలు. మిర్యాలగూడ వచ్చేసింది.

లచ్చిరాం బండి తెచ్చి నిలబడ్డాడు. పొద్దుండగానే వాళ్లింటి ముందు పడవలో చానళ్లు బిగించి, బోల్టుల చుట్టూ నీరు కారకుండా సిలికాన్ పూశాం. నేల మీదే పడవలో కూర్చుని లచ్చిరాం మునివేళ్లు ఆడించాడు. వెనకాల చుక్కాని అటూ ఇటూ ఊగింది.

"సేప తోక లెక్కనే ఉంది" అంది మంగ్లి. ఆ సాయంత్రం ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

"రెండూ ఏరే ఏరేనా సార్?" అని లచ్చిరాం అడిగాడు.

"అవును. దేనికదే."

అతను రెండు పెడళ్లనూ మరోసారి చేత్తో కదిపి చూశాడు. నన్ను మిర్యాలగూడ స్టేషన్ దగ్గరి లాడ్జిలో దింపి వెళ్లిపోయాడు.

శనివారం ఆరింటికి మళ్లీ వచ్చాడు. దామరచర్ల దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టాలు మంచులో సగం వరకే కనబడుతున్నాయి. మేం వెళ్లేసరికి, వాళ్లు ముందే మోసుకొచ్చి పెట్టిన పడవ ఒడ్డున ఉంది. పక్కన మంగ్లి సంచి పట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిది దాటితే గాలి లేస్తుంది. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు బిగించాను. ఆమె ముందు, అతను వెనక. వాళ్లు చేరాల్సింది నీళ్లలో నిలబడిన తల లేని తాడిచెట్టు దగ్గరికి. వాళ్ల చేనుకు మిగిలిన ఆనవాలు అదొక్కటే.

పడవను నెట్టాను. కాస్త దూరం పోగానే ముక్కు ఎడమకు తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"కుడికాలు!" అని అరిచాను.

"తొక్కుతున్న సార్! వస్తలేదు!"

చుక్కాని కట్టెలా నిలబడి ఉంది. సన్నటి గాలే పడవను మళ్లీ ఒడ్డుకు తోసింది. మోకాలి లోతు నీళ్లలోకి దిగి పట్టుకుని లోపలికి చూశాను. రెండు పెడళ్లకూ అడ్డంగా వెదురుబద్ద పెట్టి, ఇనుపతీగతో మెలివేసి కట్టి ఉంది. రాత్రి మేం విడిపోయినప్పుడు అది లేదు.

"ఎందుకు కట్టావు లచ్చిరాం?"

అతను నీళ్ల వైపు చూస్తూ చెప్పాడు. "ట్రాక్టర్‌కు రెండు బ్రేకులుంటయి సార్, ఎనక టైరుకొకటి. మడిల ఇడివిడిగ ఉంచుతం. ఒక్కటే తొక్కితే ఆ దిక్కు తిరుగుతది. బాటెక్కేముందు రెంటినీ కలిపి పట్టీ ఎయ్యాలె. ఎయ్యకుంట తొక్కితే బండి ఒక్క దిక్కే గుంజి బోల్తా కొడ్తది." తెడ్డును ఒడిలో పెట్టుకున్నాడు. "ఆ దినం నేను పట్టీ ఎయ్యలే. ఇయ్యాల మంగ్లిని ఎక్కిస్తున్న గద సార్. భయమైంది."

ఇన్నేళ్లలో అతను నాతో ఈ మాట అనలేదు. ముందు సీట్లోని మంగ్లి జాకెట్ అడ్డుపడుతున్నా మెల్లగా వెనక్కి తిరిగి, తమ భాషలో నాలుగు మాటలు అంది. లచ్చిరాం తల దించుకున్నాడు. ఆమె నీళ్లలోకి దిగి, పడవ పక్కకు వచ్చి, లోపలికి చేయి పెట్టి తీగ మెలిక విప్పసాగింది. అతను సాయం చేయబోతే చేయి పక్కకు నెట్టింది. తీగ గుచ్చుకుని వేలి మీద రక్తం వచ్చింది. అయినా ఆపలేదు.

"ఏమంటోంది?" అని మెల్లగా అడిగాను.

"ఆమెకు ఎరికేనంట సార్. పట్టీ యేలాడుతుంటె ఆ దినమే సూసిందంట." ఆమె చేతికి అడ్డం రాకుండా కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "ఇప్పుడు మనం బాట మీద లేం గద అంటున్నది."

వెదురుబద్దను మంగ్లి ఒడ్డుకు విసిరి, మళ్లీ ముందు సీట్లో కూర్చుంది. రెండోసారి నెట్టాను. గాలికి ముక్కు తిరగబోయింది, సర్దుకుంది. మళ్లీ తిరగబోయింది, మళ్లీ సర్దుకుంది. పడవ తాడిచెట్టు పక్కన చిన్న మచ్చలా ఆగింది. ఆమెకు నోరు వచ్చిందో లేదో, అంత దూరం నుంచి నాకు వినబడలేదు. చాలాసేపు అక్కడే ఉన్నారు. గాలి పెరిగాకే వెనక్కి తిరిగారు, అయినా నేరుగా వచ్చారు.

దిగేటప్పుడు మంగ్లి సంచి ఖాళీగా ఉంది. "మలపనీకె మంచిగస్తున్నదన్నా" అంది. లచ్చిరాం పడవను ఒడ్డుకు లాగుతూ ముఖం అటు తిప్పుకున్నాడు. పడవను వాళ్ల దగ్గరే ఉండనిచ్చాను.

మధ్యాహ్నం రెండింటికి మిర్యాలగూడలో సూర్యాపేట బస్సెక్కాను. ఈసారి చేతిలో ఏమీ లేదు. కొంత దూరం పోయాక, మడిలో నుంచి ఒక ట్రాక్టర్ రోడ్డు మీదికి ఎక్కబోతూ ఆగింది. డ్రైవర్ వంగి, కాళ్ల దగ్గర ఏదో బిగిస్తున్నాడు. ఈ రోడ్ల మీద ఇన్నేళ్లు వార్తల కోసం తిరిగాను. ఎన్నో ట్రాక్టర్ ప్రమాదాలు నాలుగు లైన్లలో రాసి పంపాను. ఒక మనిషి అలా వంగడం మాత్రం ఎప్పుడూ గమనించలేదు. మా బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆ మనిషి తల ఎత్తలేదు. పట్టీ పడ్డాకే రోడ్డెక్కాడు.