తువ్వాలు కింద వేళ్లు

చెరువుగట్టు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ధర నోటితో చెప్పేవాడు కాదు. ఎవరికీ కనపడకుండా తువ్వాలు కింద చేయి దూర్చి, అవతలివాడి వేళ్లు నొక్కి చెప్పేవాడు.

ఆ సంత మైదానంలో ఇప్పుడు అద్దాల భవనాలు లేచాయి. ఎద్దులు నీళ్లు తాగిన పాత రాతితొట్టికి వార్నిష్ పూసి, ప్లాస్టిక్ పూలు పెట్టారు. థూ! ప్రారంభం రోజున ఆయన్ని కూడా వేదిక ఎక్కించి, ఒక అధికారితో ఉత్తుత్తి బేరం ఆడమన్నారు.

"తువ్వాలు కొంచెం ఎత్తు పెద్దాయనా, కెమెరాకు వేళ్లు కనపడాల," అన్నాడు అధికారి.

"ఎద్దు యాడుండాది సార్?"

"ఎద్దుల్ని ఈడికి రానియ్యం. పేడ వేస్తాయి."

పెద్దాయన చేయి లాక్కున్నాడు. అధికారిని ముట్టుకున్న వేళ్లను ఆ తువ్వాలుతోనే ఒక్కొక్కటీ తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.