చివరి వరుసలో ఊ కొట్టిందెవరు

రెండు వేల ఎనిమిది, శ్రావణ మాసం మొదటి మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు జరిగిందిది. దయ్యాలున్నాయని ఎవరన్నా అంటే తిట్టేవాణ్ని నేను. బొల్లారం మందుల కంపెనీలో పనిచేసినన్నాళ్లూ ప్రమాదాల్లో మనుషులు పోవడం చూశాను. తిరిగి రావడం చూడలేదు.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా ఊరు ఇంద్రేశంలో కిరాయికుండే కవిత, ఇంజనీరింగ్ చదివే పిల్ల. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే మా సాయంత్రం బడి సభలో నన్ను చదవమంది. జనం ముందు నాకు నోరు పెగలదు.

కాలేజీలో కవిత, ఆమె దోస్తు ఫరీద్ ఒక యంత్రం మీద పనిచేస్తున్నారు. హెల్మెట్ లాంటిది తలకు పెడితే కళ్ల ముందు సభ కనిపిస్తుంది. జనమంతా కంప్యూటర్ బొమ్మలే. కానీ నిజం జనంలాగే ఒకడు ఆవలిస్తాడు, ఒకడు పక్కకు చూస్తాడు. మనం చదవాల్సింది కూడా అందులోనే పెద్ద అక్షరాల్లో వస్తుంది. అక్కడ భయం పోగొట్టుకోమని నన్ను తీసుకుపోయింది.

నాలుగు మాటలు చదివి ఆగిపోయాను. మా ఇళ్లలో ఊ కొట్టేవాళ్లు లేకుంటే కథ చెప్పరు.

"ఒక్కడన్న ఊ కొడ్తలేడు బిడ్డా. గోడకు చెప్పినట్టున్నది."

"ఊ కొట్టుడు ఇంకా నేర్పలే తాతా వీళ్లకు. జెర ఓపిక పట్టు," అంది కవిత.

"నా అసుంటోనికే నేర్పినవ్, వీళ్లకేంది కష్టం?"

నా భార్య లచ్చవ్వ ఉంటే ఊ కొట్టేది. "నువ్వు సదువు నేర్చి నాకు ఇనిపియ్యి" అనేది. జబ్బుతో గొంతు పోయాక, నేనేం చెప్పినా మంచం పట్టె మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేది. అదే ఆమె ఊ. నేను నేర్చుకునేలోపే పోయింది.

మళ్లీ మొదలుపెట్టాను. చివరి వరుసలో ఒక ముసలామె ముందు కుర్చీని వేలి కణుపుతో కొట్టింది, రెండుసార్లు. నేను ఆగిన ప్రతిచోటా కొట్టింది. మొహం సరిగా కనిపించలేదు. చప్పుడూ లేదు. అయిపోయేదాకా తడబడకుండా చదివాను.

హెల్మెట్ తీసి, "ఎనక కూసున్న అవ్వను మంచిగ చేసిన్రు" అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఆడోళ్ల బొమ్మలు ఇంకా చెయ్యలే తాతా," అన్నాడు ఫరీద్. "ఎనక లైన్ మొత్తం ఖాళీ."

మళ్లీ పెట్టుకుని చూశాను. ఖాళీ కుర్చీలే ఉన్నాయి.

ఆ పిల్లలు లచ్చవ్వను చూడలేదు. మంచం పట్టె సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తర్వాత బడి సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఊ మాత్రం ఎవరూ కొట్టలేదు. ఆ రోజు నేను చూసింది ఏమిటని ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు దొరకలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ల పేర్లు ఇక్కడ రాస్తున్నాను: కవిత, ఫరీద్, నేను. లచ్చవ్వ పేరు కలిపి రాయాలో వద్దో నాకిప్పటికీ తెలియదు.